మా చిన్నదాని గూడ్సుబండి

పోయిన నెల మా మనవరాలికి నాలుగేళ్ళు నిండాయని, ఏదైనా ఆటవస్తువు కొనిపెడదామని మాంగోలో మా అమ్మాయి ఫ్లాటు నుంచి ముగ్గురం ఆటో ఎక్కి, వంతెన మీద ఎప్పుడూ ఉండే రద్దీలో సగం పొద్దు గడిపి, సాక్చీ బజారుకి చేరాం. కొట్టతను పలకంత టాబ్లెట్టు ఒకటి తీసి ముందు పెట్టాడు. తెర మీద ఒక ఏనుగు, దాని చుట్టూ రంగురంగుల బుడగలు; బుడగ మీద వేలు పెడితే చప్పట్లు, పక్కన పెట్టినా చప్పట్లు, మా పిల్ల అసలు వేలు పెట్టకుండా నోరు తెరుచుకుని చూస్తున్నా కాసేపటికి దానంతటదే చప్పట్లు. అతను మహా గర్వంగా "ఇస్‌మే బచ్చా కభీ హార్‌తా హీ నహీ, మాతాజీ" అన్నాడు. ఇందులో పిల్లలు ఓడిపోవడమన్నదే ఉండదట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓడిపోవడం లేనప్పుడు ఇది ఆట ఎలా అయిందయ్యా అని కొట్టు కొట్టంతా వినేలా హిందీలోనే అడిగేసి, ఆ పలకని అతని బల్ల మీదకే తోసేసి బయటికి వచ్చేశాను. మా అమ్మాయి సిగ్గుపడిందో నవ్వాపుకుందో తెలియదు కానీ, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, అమ్మా నువ్వు గోల్‌మురిలో ఎలా ఉండేదానివో ఇప్పటికీ అలాగే ఉన్నావు అంది. ఉంటాను. ఎందుకు మారాలి?

మన ఈడువాళ్ళకి వీడియో గేము అనగానే పిల్లల కళ్ళూ చదువులూ పాడుచేసే పీడ అనే గుర్తు. నేను ఆ పీడని ఇంట్లో పెట్టుకుని, కొన్నేళ్ళపాటు దానితో ఇల్లు నడపడానికి సాయపడినదాన్ని. అందుకని చదివేవారు నన్ను ఏమన్నా అనుకోవచ్చు. మా పుట్టింటివారూ అత్తింటివారూ ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో తాతల నాడు ఈ ఊరి ఉక్కు కొలుములకి పనికొచ్చినవాళ్ళే. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి తెలుగు బళ్ళోనే నాలుగక్షరాలు నేర్చుకుని, గోల్‌మురిలో బజారు వెనకాల సందులో ఒక అద్దె ఇంట్లోకి కాపరానికి వచ్చాను. మా ఆయన రేకుల ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవారు. పొద్దున్నే సైకిలు హ్యాండిలుకి టిఫిను క్యారియరు తగిలించుకుని వెళ్ళి, షిఫ్టు దిగాక ఒళ్ళంతా నూనె వాసనతో తిరిగొచ్చేవారు. ఇంట్లో మా అత్తగారు, మా పెద్దాడు, వాడి తరవాత చాలా ఏళ్ళకి పుట్టిన మా చిన్నది. ఆ చిన్నదే ఇప్పుడు నన్ను సాక్చీకి తీసుకెళ్ళిన అమ్మాయి.

ఆ ఇంటికి సందులోకి తలుపున్న ముందుగది ఒకటి ఉండేది. మా మరిది అందులో రెండు టీవీలు, రెండు గేము మెషీన్లు, ఓ బుట్టెడు క్యాసెట్లు పెట్టుకుని గంటకింత అని పిల్లల చేత ఆడించేవాడు. అతనికి టాటానగర్‌లో రైల్వే ఉద్యోగం తగిలి స్టేషను పక్కనే పర్సుడీహ్ వెళ్ళి కాపరం పెట్టుకున్నాక, ఆ సరంజామా అంతా మాకు మిగిలింది. అమ్మేద్దామన్నారు మా ఆయన. నేను నడుపుతానన్నాను. ఆడదానివి, మగపిల్లల గుంపుని నువ్వేం అదుపులో పెడతావన్నారు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఆయనకి అప్పటికే అనుభవమైపోయింది కాబట్టి ఆ మాట ఒకటికి రెండుసార్లు అనలేదు.

సాయంత్రాలు ఆ గది చూడాలి! బడి వదిలీ వదలకముందే సంచులు గుమ్మంలో విసిరేసి లోపలికి దూరే కుర్రాళ్ళు, ఒకడి భుజం మీద ఒకడు గెడ్డం ఆనించుకుని నిలబడడం, ఒక్కసారిగా అందరూ హిందీలో కేకలు, అంతలో కరెంటు పోతే ఊరంతా చచ్చినంత మూలుగు. తెలుగువాళ్ళ పిల్లలు, బీహారీల పిల్లలు, ఒరియావాళ్ళు, సర్దార్ల పిల్లలు, అందరి ఆటా ఒకటే, అందరి తిట్లూ ఒకటే. మా అత్తగారు వంటింటి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఏ కేక ఎవడిదో పేరుపేరునా చెప్పగలిగేవారు.

ఆ క్యాసెట్లలో అందరూ ప్రాణం పెట్టే ఆట ఒకటుండేది. దాన్ని గూడ్సుబండి అనేవారు. పెద్ద యార్డు, వంకరటింకర పట్టాలు, బండికి తగిలించిన ఎర్ర డబ్బాల్ని ఎర్ర షెడ్డుకి, నీలం డబ్బాల్ని నీలం షెడ్డుకి చేర్చాలి. ఒకరు ఇంజను తోలాలి, రెండోవారు ముందుగా చూసుకుని పాయింట్లు మార్చాలి. పాయింటు అంటే బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదకి మళ్ళించే చోటు. మధ్యలో బొగ్గు అయిపోతుంది, ఎదురుగా ఇంకో బండి వస్తుంది, ఉన్నట్టుండి తెర మీద ఒక పెట్టె తెరుచుకుని రెండు వరసల్లో ఏదో రాసి అడుగుతుంది. ఆ రాత చైనావాళ్ళదో జపానువాళ్ళదో మా సందులో ఎవరికీ తెలియదు. పై వరస నొక్కితే ఆట సాగుతుంది, కింది వరస నొక్కితే పోతుంది అని కుర్రాళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్నారు. అంతటి ఆట అది. పదో తరగతివాడు కూడా మొదటి యార్డు దాటడానికి వారం తిప్పలు పడేవాడు.

మా చిన్నదానికి అప్పుడు నాలుగు దాటి నడుస్తోంది. అన్నయ్య పక్కన చేరి, పొడుగు తీగ ఉన్న రెండో రిమోటు ఒళ్ళో పెట్టుకుని, దాని బుల్లి వేళ్ళతో టకటకా నొక్కుతూ, తెర మీద బండి మలుపు తిరిగినప్పుడల్లా తనూ ఒరిగిపోయేది. నేను కుట్టుమిషను దగ్గర్నుంచి చూసి మురిసిపోయేదాన్ని. బియ్యం కొట్టు దగ్గరా, కొళాయి దగ్గరా, మా చిన్నది గూడ్సుబండి ఆడుతుందండీ అని చెప్పుకుని తిరిగాను కూడా. ఎదురింటి పిన్ని నమ్మక, చూద్దాం పదమని ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికే వచ్చి కూర్చుంది. ఆవిడది మా పుట్టింటివైపు చుట్టరికమే. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

ఆ రోజే బయటపడింది. మావాడు తోలుతున్న బండి ఎదురుగా వస్తున్న ఇంకో బండిని గుద్దబోతోంది. ఆపడానికని మా చిన్నది రిమోటు మీద ఉన్న మీటలన్నీ నొక్కేసింది. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. అప్పుడది ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. ఒళ్ళోని రిమోటు నుంచి తీగని వేళ్ళతో పట్టుకుని, మెల్లగా జరుపుకుంటూ జరుపుకుంటూ మంచం కిందకి పాక్కుంటూ వెళ్ళి, దాని కొస చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. ఆ కొస దేనికీ తగిలించి లేదు. నా వైపు చూసి, "అమ్మా, నా తీగ ఎక్కడికీ ఎల్లనేదు" అంది.

పిన్ని విరగబడి నవ్వింది. మావాడూ నవ్వాడు. తరవాత తెలిసింది, ఆ గదికి వచ్చే ప్రతి కుర్రాడూ తోకలా వెంటబడే చెల్లికో తమ్ముడికో ఇదే పని చేస్తాడట. మనకీ తెలిసిన సంగతే కదా ఇది. మన చిన్నప్పుడు దాగుడుమూతల్లోనూ తొక్కుడుబిళ్ళలోనూ మరీ చిన్నపిల్లల్ని ఆటలో అరటిపండు అని చేర్చుకునేవాళ్ళం, వాళ్ళు దొరికినా దొంగ కారు, గీత తొక్కినా అవుటు కారు. ఎవరికీ అడ్డు లేకుండా వాళ్ళ సరదా తీరిపోతుందని పెద్దవాళ్ళు ముచ్చటపడేవారు. అందులో తప్పేముందని మా ఆయన కూడా అన్నారు. నేను మాత్రం ఆ పిల్ల మొహం చూశాను.

ఆ తరవాత అది ముందుగదిలోకి రావడం మానేసింది. అంతటితో పోలేదు. వాళ్ళ నాయనమ్మ రొట్టెలు వత్తుతూ కాస్త పిండి ముద్ద, చిన్న అప్పడాలకర్ర చేతికిస్తే, ఇది తినేదా ఉత్తుత్తిదా అని అడిగింది. తినేదేనే అంటే నమ్మక, అది పెనం మీద పడి కాలేదాకా అక్కడే నిలబడి చూసింది. వాళ్ళ నాన్న సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని గంట మోగించమంటే, ఆ చప్పుడు తన గంటదేనా లేక ఆయన వెనకాల ఇంకొకటి మోగిస్తున్నారా అని వంగి వంగి చూసేది. నాలుగేళ్ళ పిల్ల ప్రపంచాన్ని అలా అనుమానంగా తడిమి చూసుకోవడమేమిటి! ముచ్చట కోసం చేసిన మోసమైనా మోసమే. ఈ పిల్ల ఆ గూడ్సుబండినే ఆడాలి, నిజంగా ఆడాలి, తన చేత్తో ఆడాలి, అప్పుడుగానీ దాని మనసు కుదుటపడదని నాకు తోచింది. తోచిందంటే ఇక నన్ను ఆపడం బ్రహ్మతరం కాదు.

అనని వాళ్ళు లేరు. మావాడు, ఇంట్లో తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిచ్చే వయసు వాడిది, "మమ్మీ, ఉస్‌సే నహీ హోగా" అని తేల్చేశాడు, దాని వల్ల కాదని. దానికి చదవడం రాదు కదా అన్నాడు. ఆ తెర మీద రాత నీకు చదవడం వచ్చా అని అడిగాను. పిన్ని, పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని సామెత చెప్పి, దానికి సరిపడా బొమ్మేదైనా కొనిపెట్టమంది. మా అత్తగారు, "ఏటే నీ పంతం? ఆడపిల్ల రైలుబండి తోలకపోతే పెళ్ళవదేటి?" అన్నారు. మధ్యాహ్నం పూట, కుర్రాళ్ళు బళ్ళలో ఉండగా, తలుపు గడియ పెట్టుకుని ఆ ఆట ముందు నేను నేర్చుకోవడం మొదలెట్టాను. నా బండ్లు గుద్దుకున్నట్టు ఈ భూమ్మీద ఎవరి బండ్లూ గుద్దుకుని ఉండవు.

అలా తంటాలు పడగా నాకు అర్థమైందేమిటంటే, ఆ ఆటలో కష్టమంతా అన్నీ ఒక్కసారి మీద పడడంలో ఉంది తప్ప, ఏ ఒక్క పనీ కష్టం కాదు. పాయింటు మార్చడం ఒక్కటే తీసుకుంటే దానికి ఒక్క మీట చాలు. ఎర్ర డబ్బా ఏదో నీలం డబ్బా ఏదో చూసుకోవడానికి చదువక్కరలేదు. అర్థం కావలసింది ఒక్కటే, బండి దగ్గరికి వచ్చాక తిప్పితే లాభం లేదు, రాకముందే తిప్పాలి. అదే పిల్లలకి ఎక్కదు. రాబోయేదాన్ని ముందే చూసుకోవడం మనకే రాదు కదా, వాళ్ళకెలా వస్తుంది!

దానికోసం నేను చేసిన పని చెబితే నవ్వుతారు. వెనక వాకిట్లో గచ్చు మీద ముగ్గుపిండితో ఆ యార్డంతా వేశాను. పట్టాలు, మలుపులు, షెడ్లు, తెర మీద ఎలా ఉన్నాయో అలాగే. నాకు ముగ్గులో చెయ్యి తిన్నగా పోదు. మా అత్తగారు కాసేపు చూసి చూసి భరించలేక, ఇలాగేనా గీత తియ్యడమంటూ నా చేతిలో గిన్నె లాక్కుని తనే వేశారు. అప్పటి నుంచి ఆవిడ నా పక్షమని నేను లెక్క వేసుకున్నాను, ఆవిడ ఒప్పుకోకపోయినా. సందులో ఉన్న చిన్నపిల్లల్ని నలుగురైదుగురిని పోగుచేసి, ఒకరి గౌను ఒకరిని పట్టుకోమని బండి చేశాను. మలుపు దగ్గర మా చిన్నదాన్ని చెయ్యి చాపి నిలబెట్టాను. దాని చెయ్యి ఎటుంటే బండి అటు పోవాలి, అంతే. మొదటిరోజు బండంతా తన ముందుకొచ్చాక గాభరాపడి చెయ్యి తిప్పేది, డబ్బాలన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి. రెండు మూడు రోజులయ్యేసరికి బండి గడప దగ్గరుండగానే చెయ్యి తిప్పేసి, నడుం మీద రెండో చెయ్యి వేసుకుని స్టేషను మాస్టరులా నిలబడేది. ఒకసారి కావాలనే బండిని వంటింట్లోకి మళ్ళించింది. మా అత్తగారు కసురుకున్నారు కానీ, నాకు లోలోపల పండగైంది. దారి మార్చడమంటే ఏమిటో దానికి తెలిసిపోయిందన్నమాట.

అప్పుడు టీవీ ముందుకి తీసుకొచ్చాను. అది రిమోటు పట్టుకోలేక చేతులు జారవిడుచుకుంటుంటే, పీట మీద పాత తువ్వాలు పరిచి దాని మీద రిమోటు పెట్టాను, రెండు చేతులతోనూ నొక్కుకోవచ్చు. పాయింటు మీట మీద నా బొట్టుబిళ్ళల అట్ట నుంచి పెద్ద ఎర్ర బిళ్ళ తీసి అంటించాను, కూత మీట మీద ఆకుపచ్చది. ఆ అర్థంకాని రాత పెట్టె తెరుచుకున్నప్పుడు, అది స్టేషను మాస్టరమ్మా, ఇంకా పని చేస్తావా ఇంటికి పోతావా అని అడుగుతోంది అని చెప్పాను. మిగతా మీటల మీద అట్టముక్క అంటించెయ్యి, పొరపాటున నొక్కకుండా ఉంటుందని మావాడు సలహా ఇచ్చాడు. నేను ససేమిరా అన్నాను. పొరపాటు చెయ్యడానికి వీల్లేని చోట చేసింది ఏం ఒప్పు? ఇంజను నేను తోలేదాన్ని, నత్తనడకన. కానీ ఏమైనా సరే దాని రిమోటు మీద నా చెయ్యి వెయ్యలేదు. పక్కన చూసేవాళ్ళకి కూడా అదే షరతు పెట్టాను, గదిలోకి వస్తే చేతులు వెనక్కి కట్టుకోవాలి. మా అత్తగారు కూడా చేతులు వెనక్కి కట్టుకుని, పిల్ల తప్పు తిప్పబోతుంటే మాట బయటికి రాకుండా పెదవులు బిగపట్టి, అవస్థపడిపోయేవారు.

మొట్టమొదట అది కూర్చోనే లేదు. రిమోటు ఎత్తి, తీగ వెంబడి పాక్కుంటూ వెళ్ళి, కొస మెషీనులోకి దిగి ఉందో లేదో తడిమి చూసుకుని వచ్చి, అప్పుడు కూర్చుంది. ఆ తరవాత కూడా ప్రతిరోజూ అలాగే చూసుకునేది. చూసుకోమనే అన్నాను.

అది చూసి సందులో మిగతా చిన్నపిల్లలూ చేరారు, మధ్యాహ్నం చాలలేదు. సెలవురోజుల్లో సాయంత్రం ఒక గంట చిన్నవాళ్ళదని ప్రకటించేశాను. పెద్ద కుర్రాళ్ళు భగ్గుమన్నారు. డబ్బులిచ్చి ఆడేది మేము, పాలపళ్ళవాళ్ళ కోసం మేం బయట నిలబడాలా అని అలిగి, బజారు చివర ఇంకో గేముల కొట్టుకి వెళ్ళిపోయారు. గది బోసిపోయింది. "ఏటి నువ్వు సేసింది? పెద్దోళ్ళు ఎల్లిపోతే ఈ టీవీ డబ్బాలు ఎవడికోసం?" అని మా ఆయన విసుక్కున్నారు. నాకూ లోపల గుబులుగానే ఉంది, కాదనను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. కొన్నాళ్ళకి వాళ్ళే తిరిగొచ్చారు, గూడ్సుబండి క్యాసెట్టు మా దగ్గర తప్ప ఊళ్ళో లేదు మరి. వస్తూ వస్తూ ఒక పందెం తెచ్చారు. మీ చిన్నది అన్నయ్యతో కూర్చుని, మేం చూస్తుండగా, ఒక్క బండిని షెడ్డుకి చేర్చాలి. చేరిస్తే ఆ గంట చిన్నవాళ్ళది. చేర్చకపోతే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకూడదు. సరే అన్నాను. నీకు మతిపోయిందన్నారు ఇంట్లో.

ఆదివారం సాయంత్రం గదిలో కాలు పెట్టే చోటు లేదు. కుర్రాళ్ళందరి చేతా చేతులు వెనక్కి కట్టించాను. పిన్ని గుమ్మంలో, మా ఆయన గోడకి ఆనుకుని, మా అత్తగారు మంచం మీద. మా చిన్నది తీగ చూసుకుని, పీట ముందు మఠం వేసుకుని కూర్చుంది. ఇంజను మావాడి చేతిలో. వాడు నాలా తోలలేదు. పరువు పోతుందనుకున్నాడో ఏమో, వాడి మామూలు జోరులోనే తోలాడు. మొదటి మలుపు ముందుగానే తిప్పేసింది. కుర్రాళ్ళలో చిన్న గుసగుస. రెండోది కూడా తిప్పింది. స్టేషను మాస్టరు అడిగితే పై వరస నొక్కింది. ఆఖరి మలుపు దగ్గర ఎర్ర డబ్బాలు వస్తుంటే, ఏం తోచిందో, ఎర్రబిళ్ళని ఒకసారి నొక్కి, మళ్ళీ ఇంకోసారి నొక్కేసింది; తిప్పిన పాయింటు వెనక్కి తిరిగిపోయింది. బండి వెళ్ళి నిలబడి ఉన్న నీలం డబ్బాల్ని గుద్దేసింది. ఏడుపుగొట్టు సంగీతం మోగి తెర నల్లబడిపోయింది.

పిన్ని నా చెవి దగ్గరికి వంగి, "గెలిసేసినావని సెప్పీయే, పాపం ఏడుత్తాది" అంది. ఎవరూ ఏమీ చెప్పడానికి వీల్లేదన్నాను, కాస్త గట్టిగానే. ఇప్పుడీ పిల్ల ఏడ్చి పీట తన్నేసి లోపలికి పోతే, ఇన్నాళ్ళ నా కష్టం సంగతి అటుంచి, దాన్ని ఇంకెప్పటికీ ఆ గదిలోకి తేలేనని నాకు తెలుసు.

అది నల్లటి తెర వైపు చూసింది. తన చేతుల వైపు చూసుకుంది. ఒక్కసారిగా లేచి, "నేనే గుద్దీసినాను! అన్నయ్య కాదు, నేనే గుద్దీసినాను!" అని గెంతడం మొదలెట్టింది. నాయనమ్మ దగ్గరికెళ్ళి చెప్పింది, నాన్న పంచె పట్టుకుని లాగి చెప్పింది, గుమ్మంలో పిన్నికి చెప్పింది, అక్కడితో ఆగక సందులోకి పరిగెత్తి పోయేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ చెప్పింది. దాని మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరవాత దాని పెళ్ళినాడు కూడా చూడలేదు.

అది తిరిగి లోపలికి వచ్చేసరికి మావాడు మండిపడుతున్నాడు. "అరే పాగల్, ఎందుకు తిప్పినావే? లాల్ డబ్బా ఉధర్ జానా థా!" అన్నాడు, ఎర్ర డబ్బా అటు పోవాల్సిందని. ఇదేమో నడుం మీద చెయ్యి వేసుకుని, "నువ్వే జోరుగా తోలినావు!" అంది. కుర్రాళ్ళలో ఒకడు, లేదు, రెండోసారి నొక్కకుండా ఉండాల్సింది అన్నాడు. ఇంకొకడు, తోలినవాడిదే తప్పన్నాడు. చేతులు వెనక్కి కట్టుకోవడం అందరూ ఎప్పుడో మరిచిపోయారు. నా పిల్లని ఎవరైనా గట్టిగా ఒక మాటంటే ఊరుకునేదాన్ని కాదు నేను. ఆ రోజు మాత్రం గోడకి జారగిలబడి, వాళ్ళందరూ దాన్ని దుమ్మెత్తిపోస్తుంటే చెవులారా విన్నాను. ఆటలో అరటిపండుని ఎవరూ తిట్టరు. దాని తప్పు ఎవరికీ పట్టదు, దాని వల్ల ఎవరి ఆటా పోదు. మా చిన్నది ఆ రోజు ఒక పెద్ద బండిని నిజంగా పడగొట్టింది, ఒక అన్నకి నిజంగా కోపం తెప్పించింది. పందెం సంగతి ఎవరికీ గుర్తే లేదు. ఇంకోసారి ఆడదాం రమ్మని వాళ్ళే దాన్ని పీట ముందు కూర్చోబెట్టారు. ఆ గంట చిన్నవాళ్ళకే ఉండిపోయింది, ఎవరూ ఇచ్చినట్టు లేదు, ఎవరూ కాదన్నట్టూ లేదు.

ఆ గది మరి కొన్నేళ్ళు నడిచింది. తరవాత ఇళ్ళలోకి కంప్యూటర్లొచ్చాయి, ఫోన్లొచ్చాయి, మెషీన్లు పాత సామాను వాడి బండెక్కాయి. మా అత్తగారు వెళ్ళిపోయారు, ఆ వెనక మా ఆయనా వెళ్ళిపోయారు. మావాడు ఉద్యోగం పేరుతో వేరే ఊళ్ళో ఉన్నాడు, నేను మా అమ్మాయి దగ్గర మాంగోలో ఉన్నాను. ఇప్పుడు పసిపిల్లల కోసం ఎన్ని ఆటలో! ఏది నొక్కినా శభాష్ అంటాయి. ఒకరి భుజం మీద ఒకరు గెడ్డం ఆనించుకునే పనిలేదు, ఎవరి మూల వాళ్ళది, ఎవరి చప్పట్లు వాళ్ళవి. కొట్లాటలు లేవు కాబట్టి ఇళ్ళు ప్రశాంతంగా ఉన్నాయని అందరికీ సంతోషం. నాకు లేదు.

ఆ ప్రశాంతత నా దాకా కూడా వచ్చింది మరి. ఈమధ్య ఇంట్లో ఎవరూ నాతో పోట్లాడరు. కూరలో ఉప్పు ఎక్కువేస్తే బాగుందమ్మా అంటారు. రాజకీయాల గురించి ఏదో అంటే, అవునవునంటూ అల్లుడు ఫోను చూసుకుంటాడు. తప్పు చెప్పినా సరే అంటారు, ఒప్పు చెప్పినా సరే అంటారు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నా ప్రతి మాటకీ అడ్డం తగిలేవారు, ఎంత విసుగొచ్చేదో. ఆ విసుగు ఎంత విలువైందో ఇప్పుడు తెలుస్తోంది. వీళ్ళ మర్యాదలో ప్రేమ లేదని నేను అనను, కానీ నా వల్ల ఏదైనా అటూ ఇటూ అవుతుందని ఎవరూ అనుకోవడం లేదని మాత్రం నాకు తెలుస్తూనే ఉంది.

మొన్న మా అమ్మాయి పెద్ద టీవీలో పెద్దవాళ్ళు ఆడే ఆటే ఒకటి పెట్టింది. పొలాలు, కాలవలు, ఊళ్ళు కట్టుకునే ఆట. ఇంత పిల్లకి కష్టం కదా అన్నాడు అల్లుడు. మా అమ్మాయి వినిపించుకోకుండా, కాలవ తలుపులు ఎత్తే పని పిల్లకిచ్చి, విత్తనాలు మోసే పని నాకిచ్చింది. నా వేళ్ళు ఇదివరకులా తిరగవు, తెర మీద అక్షరాలు అలికినట్టుంటాయి. మనవరాలు ఆగమన్నా ఆగకుండా నేను గట్టు దాటేసి, కాలవ తలుపుని గుద్ది తెరిచేసి, పొలమంతా ముంచేశాను. మేం ఎంత నేర్పినా అమ్మమ్మా అనదు ఆ పిల్ల. "నానీ! మైనే రుకో బోలా థా నా! సబ్ డూబ్ గయా ఆప్‌కీ వజహ్ సే!" అని నా మీద గయ్యిమంది. ఆగమన్నానా, అంతా నీవల్లే మునిగిపోయిందీ అని. దాని కళ్ళల్లో నీళ్ళు, మొహం ఎర్రగా కందిపోయింది. అమ్మమ్మతో అలా మాట్లాడొచ్చా అని అల్లుడు దాన్ని మందలించబోయాడు.

నేను చెయ్యెత్తి ఆపాను. అననీ బాబూ, తప్పు నాదే అన్నాను. ఎన్నాళ్ళకో ఒకరు నన్ను లెక్కలో వేసుకుని తిట్టారు.